రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం ఎవరికీ డబ్బు కట్టకండి

అంబత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు. సొంతూరు నెల్లూరు జిల్లా కావలి. ఉద్యోగం మీద ఏడేళ్ల కింద చెన్నై వచ్చారు. అబ్బాయి ఆరో తరగతి నుంచి ఇక్కడే, స్టేట్ బోర్డులో చదివాడు. ఇవాళ ప్లస్ టూ ఫలితాల్లో 600కి 541 వచ్చాయి. అందులో లెక్కలు 91, ఫిజిక్స్ 88, కెమిస్ట్రీ 87. లెక్కల్లో 96 దాకా వస్తాయనుకున్నాడట, రిజల్ట్ చూసినప్పటి నుంచి గదిలోంచి బయటికి రాలేదట. కంప్యూటర్ సైన్సే కావాలంటున్నాడు. పొద్దున పదకొండు కాకముందే ఒక ఏజెంట్ ఫోన్ చేసి, సాయంత్రం లోపు 50,000 కడితే ఒక ప్రైవేటు కాలేజీలో సీటు బ్లాక్ చేస్తానన్నాడు. బావమరిదేమో బెంగళూరు పంపించెయ్యమంటున్నాడు. చేతిలో ఆంధ్ర బీసీ సర్టిఫికెట్ ఉంది. ఇప్పుడేం చెయ్యాలి అని ప్రశ్న.

ముందు నా సంగతి చెప్తాను. నేను లెక్చరర్ని కాను. విల్లివాక్కంలో ఇరవై రెండేళ్లుగా బ్రౌజింగ్ సెంటర్ నడుపుతున్నాను. రిజల్ట్స్ రోజు మా షాపు ముందు చెప్పులు వీధి మలుపు దాకా ఉండేవి. ఇప్పుడు మార్కులు ఫోన్‌లోనే చూసేసుకుంటున్నారు, కానీ అప్లికేషన్లకూ ఛాయిస్ ఫిల్లింగ్‌కూ మళ్లీ నా దగ్గరికే వస్తారు. మార్కులు బాగా వచ్చి కూడా సీటు చెడగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది రిజల్ట్స్ వచ్చిన ఇరవై నాలుగు గంటల్లోనే చెడగొట్టుకున్నారు.

కాబట్టి ఇవాళ్టి మటుకు నా మాట ఒక్కటే, ఎవరికీ రూపాయి కట్టకండి. ఏజెంట్‌కి ‘ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం’ అని పెట్టెయ్యండి. రేపటికి సీటు ఉండదంటాడు, ఉంటుంది. రెండు వారాలయ్యాక కూడా ఉంటుంది, అప్పుడు ఫోన్ చేసేది అతనే. వాళ్ల వ్యాపారమంతా ఈ రెండు మూడు రోజుల టెన్షన్ మీద నడుస్తుంది. పిల్లాడు ఏడుస్తుంటాడు, చుట్టాలు వరసగా ఫోన్లు చేసి ఎన్ని వచ్చాయని అడుగుతుంటారు. సరిగ్గా అప్పుడే ‘సీటు కన్‌ఫర్మ్’ అనే మాట చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.

ఒకాయన ఇలాగే రిజల్ట్స్ రోజు సాయంత్రం నగ తాకట్టు పెట్టి లక్ష కట్టొచ్చాడు. జులైలో వాళ్లమ్మాయికి కౌన్సెలింగ్‌లో అంతకంటే మంచి కాలేజీ వచ్చింది. లక్ష వెనక్కి ఇమ్మంటే ఆ కాలేజీవాళ్లు రేపు మాపు అని తిప్పారు. పైగా ఒరిజినల్ మార్కుల లిస్టు, టీసీ కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. గడువులోపు సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ కింద 1,000 రూపాయలకు మించి పట్టుకోకూడదనీ, ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదనీ ఇంజనీరింగ్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ఉంది. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం మామూలు ఫీజు మీద తీసుకునే డబ్బు, వసూలు చెయ్యకూడదని తమిళనాడులో 1992లోనే చట్టం వచ్చింది. కానీ ఆయన చేతిలో సరైన రసీదు లేదు, తెల్లకాగితం మీద ఎవరిదో సంతకం ఉంది. ఎక్కడికని వెళ్తాడు? సగం డబ్బు దీపావళికి వచ్చింది, మిగతా సగం సంగతి నేను మళ్లీ అడగలేదు.

ఇక మీ అబ్బాయి లెక్క చూద్దాం. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మొదట తికమకపడేది ఇదే. మన దగ్గర ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) అలవాటు. తమిళనాడులో ఇంజనీరింగ్‌కి ప్రవేశ పరీక్ష లేదు, 2006లో చట్టం చేసి తీసేశారు. ప్లస్ టూ మార్కులే ర్యాంకు. లెక్కల మార్కు 100కి ఎంతొస్తే అంత, ఫిజిక్స్‌లో సగం, కెమిస్ట్రీలో సగం, మొత్తం 200. దీన్నే కటాఫ్ అంటారు. మీవాడికి 91, 44, 43.5 కలిపి 178.5. ఇంజనీరింగ్‌కి పనికొచ్చే అంకె ఇదే. 600కి 541 అనేది చుట్టాలకు చెప్పుకోవడానికి.

ఈ లెక్కలో ఇంకో కిటుకుంది. లెక్కల్లో ఒక మార్కు పెరిగితే కటాఫ్ నిండుగా ఒకటి పెరుగుతుంది. ఫిజిక్స్‌లోనో కెమిస్ట్రీలోనో పెరిగితే అర. ఇంగ్లీషులో పది పెరిగినా ఏమీ లేదు. మీవాడు లెక్కల్లో 96 అనుకున్నాడంటున్నారు. అయితే ముందు కదలాల్సింది అక్కడ. జవాబు పత్రం స్కాన్ కాపీకి అప్లై చెయ్యండి, లెక్కలకు మాత్రం. కాపీ వచ్చాక స్కూల్లో లెక్కల సార్ పక్కన కూర్చుని పేజీ పేజీ చూడండి. కూడికలో తప్పుందా, ఏదైనా లెక్క దిద్దకుండా వదిలేశారా, స్టెప్ మార్కులు ఇవ్వలేదా చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాతే రీటోటలింగా, రీవాల్యుయేషనా అన్నది. స్కాన్ కాపీ తీసుకోకుండా నేరుగా రీవాల్యుయేషన్ అడగడానికి ఇక్కడ లేదు. గడువు చాలా తక్కువ రోజులే ఇస్తారు. పిల్లాడి బెంగ తగ్గాక చూద్దాంలే అనుకుంటే అది దాటిపోతుంది. 178.5 దగ్గర ఒక్క మార్కుతో ర్యాంకు చాలా మారిపోతుంది.

ఇదే కటాఫ్ ఉన్నవాళ్లు బోలెడుమంది ఉంటారు. వాళ్లలో ఎవరు ముందంటే, మొదట లెక్కల మార్కు చూస్తారు, తర్వాత ఫిజిక్స్, ఆ తర్వాత ఇంకొన్ని. అన్నీ సమానమైతే చివరికి కంప్యూటర్ ఒక్కొక్కరికి ఇచ్చే ర్యాండమ్ నంబర్. అది రిలీజ్ చేసిన రోజు పిల్లలు లాటరీ టికెట్ చూసుకున్నట్టు చూసుకుంటారు కానీ దానిదాకా వచ్చేది తక్కువమందికే.

సర్టిఫికెట్ సంగతి కొంచెం కష్టమైన కబురే, ఇప్పుడే తెలియడం నయం. ఆంధ్ర బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. మీవాడు 8 నుంచి 12 దాకా తమిళనాడులోనే చదివాడు కాబట్టి నేటివిటీ సర్టిఫికెట్ (ఈ రాష్ట్రం వాళ్లమనే కాగితం) అడగరు, కౌన్సెలింగ్‌కి అర్హుడే. కానీ వేరే రాష్ట్రం వాళ్లు ఓసీ, అంటే ఓపెన్ కేటగిరీ కిందే వస్తారు. ఇక్కడ రిజర్వేషన్లు 69 శాతం, ఓపెన్‌లో ఉండేది 31 శాతం. ఆ 31లో బీసీ, ఎంబీసీ (బాగా వెనకబడిన కులాలు), ఎస్సీ పిల్లలు కూడా మార్కులతో పోటీ పడతారు. అందుకని పక్కింటి తమిళ అబ్బాయికి పోయినేడు 175కి ఫలానా కాలేజీ వచ్చిందని విని, మనకీ వస్తుందనుకోకండి. అతనిది ఏ కేటగిరీయో కనుక్కోండి. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మా బోటి తెలుగువాళ్ల సంగతి వేరు, మాకు ఇక్కడి తహసీల్దారు ఆఫీసులోనే కమ్యూనిటీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ అబ్బాయీ తెలుగే కదా అనే పోలిక కూడా పనికిరాదన్నమాట.

అలాగని వెనక్కి కావలి వెళ్లి అక్కడ ఎంసెట్‌తో సీటు తెచ్చుకుందామన్నా సులువు కాదు. వరుసగా ఇన్నేళ్లు ఇక్కడ చదివిన పిల్లాడు అక్కడ లోకల్ కాడు. మనవాళ్లకు రెండు చోట్లా సగం కాలు లోపల, సగం బయట.

పేరు కూడా సరిచూసుకోండి. ఇది చిన్న విషయమని అందరూ వదిలేస్తారు. ఆంధ్రలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇక్కడి స్కూల్లో చేర్చేటప్పుడు తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనిషియల్‌గా రాసేస్తారు. పదో తరగతి మార్కుల లిస్టులో ఒక రకం, ఆధార్‌లో ఇంకో రకం, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో రకం. ఒకబ్బాయికి ఇంటిపేరులో ‘వి’ ఒకచోట, నాన్నపేరులో ‘ఆర్’ ఒకచోట పడ్డాయి. వెరిఫికేషన్‌లో వెనక్కి కొట్టారు, వాళ్లమ్మ మూడు రోజులు సెలవు పెట్టుకుని తిరిగింది. అప్లికేషన్‌లో మార్కుల లిస్టులో ఉన్నట్టే రాయండి, అక్షరం కూడా మార్చొద్దు. ఆధార్ మార్చాల్సి ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి.

టీఎన్ఈఏ, అంటే తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అప్లికేషన్ మామూలుగా ఫలితాలు వచ్చే రోజుల్లోనే, మే నెలలోనే తెరుస్తారు, నెల దాకా గడువుంటుంది. ఫీజు మీలాంటివాళ్లకు 500. ఆఖరి రోజు దాకా ఆగకండి, ఆ రోజు సర్వర్ ఎలా ఉంటుందో నా షాపులో కూర్చుంటే తెలుస్తుంది. మొబైల్ నంబర్ మీదో మీ అబ్బాయిదో ఇవ్వండి, షాపువాడిది ఇవ్వొద్దు, నాదైనా సరే. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. ‘అన్నా, పోయిన నెల మీ దగ్గరే పెట్టాను, పాస్‌వర్డ్ ఏంటి?’ అని ప్రతి జులైలో పది మందైనా అడుగుతారు.

ఇప్పుడు అసలు విషయం ఛాయిస్ ఫిల్లింగ్. ఆంధ్రలో వెబ్ ఆప్షన్స్ అంటామే, అదే. ర్యాంకులను బట్టి రౌండ్లుగా పిలుస్తారు. ఒక్కో రౌండులో కాలేజీలు, బ్రాంచీలు వరసగా పెట్టుకోవడానికి రెండు మూడు రోజులు ఇస్తారు. ఎన్ని పెట్టాలన్న పరిమితి లేదు. వంద పెట్టినవాళ్లున్నారు, తొమ్మిది పెట్టి ఏదీ రాక తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ తల్లిదండ్రులు నమ్మని సంగతి ఒకటుంది, ఏటా నాకు వాదనే. ‘మాకు రాని కాలేజీ పైన పెడితే అవకాశం వేస్టవుతుంది కదా’ అంటారు. కాదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ లిస్టు పై నుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. ఖాళీ ఎక్కడ కనపడితే అక్కడ ఆగుతుంది. పైన పది రాకపోతే పదకొండోది చూస్తుంది, అంతే. మీ తర్వాత ర్యాంకువాడు ఆ పదకొండో కాలేజీని మొదటే పెట్టుకున్నా, ముందు మీకే. కాబట్టి లిస్టు ఇష్టం ప్రకారం రాయాలి, భయం ప్రకారం కాదు. అన్నా యూనివర్సిటీ కాలేజీలైన గిండీ సీఈజీ, క్రోంపేట ఎంఐటీల్లో కంప్యూటర్ సైన్స్ 178.5కి ఓపెన్‌లో రాదని నాకూ తెలుసు. అయినా పైన పెట్టనివ్వండి, పోయేదేమీ లేదు. పిల్లాడికి ఒక ముచ్చట.

పోయిన సంవత్సరం కాలేజీవారీగా, కేటగిరీవారీగా ఎక్కడ ఆగిందో టీఎన్ఈఏ వెబ్‌సైట్‌లోనే పెడతారు. చూసేటప్పుడు కటాఫ్ అంకెను కాదు, ర్యాంకును పోల్చండి. పేపరు సులువుగా వచ్చిన ఏడాది అందరి మార్కులూ పెరుగుతాయి, అప్పుడు పోయినేటి 178.5, ఈ ఏటి 178.5 ఒకటి కావు. ర్యాంకు లిస్టు వచ్చేది జూన్ చివర్లోనో జులైలోనో. అంతవరకు ‘178కి ఏ కాలేజీ వస్తుంది?’ అన్న ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పేవాడు ఏజెంట్ ఒక్కడే.

కాలేజీ కోడ్ చూసి పెట్టండి, పేరు చూసి కాదు. వెంకటేశ్వర పేరుతోనే రెండు మూడున్నాయి. ఒకమ్మాయి నా షాపులోనే, నా కళ్ల ముందే, ఒక దాని బదులు ఇంకొకటి క్లిక్ చేసింది. నేను పక్క కస్టమర్‌కి జెరాక్స్ తీస్తున్నాను. అలాట్‌మెంట్ వచ్చాక చూసుకుంటే కాలేజీ వాళ్లింటికి రెండు బస్సులు మారే దూరంలో ఉంది. నాలుగేళ్లు అక్కడికే వెళ్లొచ్చింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, కనపడితే నవ్వుతుంది కూడా. నాకే తల దించుకోవాలనిపిస్తుంది. అప్పటినుంచి లిస్టు లాక్ చేసేముందు ప్రింటు తీసి, తల్లో తండ్రో ఒక్కో కోడ్ పైకి చదువుతుంటే పిల్లలు స్క్రీన్ మీద చూసుకోవాలని రూలు పెట్టాను. ప్రింటుకి డబ్బులు తీసుకోను.

తాత్కాలిక అలాట్‌మెంట్ వచ్చాక ఐదు ఆప్షన్లు ఇస్తారు. గడువు రెండు రోజులే. నచ్చితే ఒప్పుకుని చేరడం. ఒప్పుకుని, లిస్టులో దీనికంటే పైనున్నవాటిలో ఖాళీ వస్తే మారతామనడం. దీన్ని వద్దని పైవాటి కోసం చూడటం. వద్దని తర్వాతి రౌండుకి వెళ్లడం. పూర్తిగా తప్పుకోవడం. మీలాంటివాళ్లకు దాదాపు ఎప్పుడూ రెండోదే మంచిది, ఉన్నది చేతిలో ఉంటుంది, పైది వస్తే వస్తుంది. వస్తే మాత్రం పాతది పోతుంది, రెండూ పట్టుకోవడం కుదరదు. ఇంకో మాట, ‘ఒప్పుకున్నాం’ అని నొక్కి ఊరుకుంటే సరిపోదు, చెప్పిన రోజుల్లో ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు పోతుంది. ఇలా పోయిన సీట్లు నేను చూసినంతలో మార్కులు చాలక రాని సీట్లకంటే ఎక్కువ బాధ పెట్టాయి.

మైనారిటీ కాలేజీల మాట కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. మామూలు ప్రైవేటు కాలేజీలు 65 శాతం సీట్లు, మైనారిటీ కాలేజీలు 50 శాతం సీట్లు కౌన్సెలింగ్‌కి ఇస్తాయి. తెలుగు భాషా మైనారిటీ కాలేజీలు కొన్ని చెన్నై చుట్టుపక్కల ఉన్నాయి. మిగతా సీట్లలో తెలుగు పిల్లలకు అవకాశం ఉంటుంది, మీరు వెళ్లి అడగొచ్చు. ఏ కాగితం చూపిస్తే మనం తెలుగువాళ్లమని ఒప్పుకుంటారో, ఆ కోటాలో ఫీజు ఎంతో, రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. మన భాషవాళ్లే కదా అని మొహమాటపడకండి. ఫీజు దగ్గర అందరిదీ ఒకటే భాష.

డీమ్డ్ యూనివర్సిటీలు ఈ కౌన్సెలింగ్‌లోకి రావు. ఎస్‌ఆర్‌ఎం, విఐటీ లాంటివాటికి వాళ్ల పరీక్షలు వాళ్లకున్నాయి. మీవాడు రాసి ఉంటే ఆ ర్యాంకు బట్టి ఫీజు ఏ మెట్టులో పడుతుందో చూసుకోండి. నాలుగేళ్ల ఫీజు, హాస్టలు కలిపి కూడి, ఆ అంకెను మీ జీతం పక్కన పెట్టి చూడండి.

బెంగళూరు గురించి రెండు ముక్కలు. కేసెట్‌లో, అంటే కర్ణాటక ప్రవేశ పరీక్షలో, ప్రభుత్వ కోటా సీటుకి కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉండటం లాంటి షరతులున్నాయి, మీవాడు వాటికి సరిపోడు. అక్కడి ప్రైవేటు కాలేజీల పరీక్ష కామెడ్‌కే అందరికీ తెరిచే ఉంటుంది, కానీ దానికి ముందే అప్లై చేసి పరీక్ష రాయాలి. అవి లేకుండా బెంగళూరు అంటే మేనేజ్‌మెంట్ సీటే. అక్కడికీ ఇక్కడికీ తేడా మీ బావమరిది ఇంటి భోజనం మాత్రమే.

కంప్యూటర్ సైన్సే అన్న పట్టుదల గురించి నా అభిప్రాయం అడగలేదు, అయినా చెప్తాను. పేరు తెలియని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కంటే, పాత కాలేజీలో ఈసీఈనో ఈఈఈనో చాలాసార్లు మేలు. ఇరవై రెండేళ్లలో నా షాపులో అప్లికేషన్ పెట్టి, మళ్లీ రెజ్యూమె ప్రింటుకి వచ్చిన పిల్లలను చూసి అంటున్నాను. కానీ ఈ మాట ఇవాళ వాడితో అనకండి. ర్యాంకు వచ్చాక, వాడినే రెండు కాలేజీలకు తీసుకెళ్లి ల్యాబులు చూపించి, అక్కడి సీనియర్లతో ఒక అరగంట ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి. మీరు క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చోండి.

వాడు గదిలోంచి రాలేదన్నారు కదా. చాలా ఏళ్ల కింద ఒకబ్బాయి షాపు ఖాళీ అయ్యేదాకా మూల సిస్టమ్ దగ్గర కూర్చున్నాడు. రిజల్ట్ ఎప్పుడో చూసేసుకున్నాడు. వాళ్ల నాన్న స్కూటర్ చప్పుడు వినపడగానే ‘అన్నా, మానిటర్ ఆపెయ్యవా’ అన్నాడు. అతనికి వచ్చినవి మీవాడికంటే ఎక్కువే. ఆ తండ్రి లోపలికొచ్చి ఎన్ని అని అడగలేదు, ‘ఏరా, తిన్నావా’ అన్నాడు. ఇద్దరూ ఎదురు మెస్‌కి వెళ్లారు. మీరూ ఇవాళ రాత్రి మార్కుల మాటెత్తకండి, చుట్టాల ఫోన్లు మీరే తీసుకోండి. రేపటికీ తినకుండా, మాట్లాడకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అంటారు, డబ్బులు అడగరు, తెలుగులోనూ మాట్లాడతారు.

రేపు పొద్దున చెయ్యాల్సింది స్కూలుకి వెళ్లి లెక్కల స్కాన్ కాపీకి అప్లై చెయ్యడం, తాత్కాలిక మార్కుల లిస్టు, టీసీ ఎప్పుడిస్తారో కనుక్కోవడం. టీసీ చేతికి రాగానే ఐదు జెరాక్సులు తీసి, ఒరిజినల్ బీరువాలో పెట్టండి. స్కాన్ కాపీ వచ్చాక లెక్కల సార్ ఏమన్నారో నాకు రాయండి. రెండు మార్కులు కలిసి 93 అయితే కటాఫ్ 180.5. అప్పుడు 178.5కి ఒక లిస్టు, 180.5కి ఒక లిస్టు వేసి పెట్టుకుందాం.